అడుగుకి అంగుళం తక్కువ

అక్క దగ్గర్నుంచి కబురొస్తే అందులో మంచి మాట ఉండదని జాన మేస్త్రికి చిన్నప్పటి నుంచీ తెలుసు. ఈసారి వచ్చింది కబురు కూడా కాదు, ఒక అట్టముక్క. పుస్తకాల బైండింగుకి వాడే దళసరి అట్ట, నీళ్ళకి ఉబ్బిపోయి జిగురు కంపు కొడుతోంది. దాని మీద ఎర్ర పెన్సిలుతో ఒక్క ముక్క రాసి పంపింది, "వచ్చి చూసుకో" అని. బాగున్నావా అని లేదు, తిన్నావా అని లేదు.

అతన్ని జాన మేస్త్రి అని ఎందుకంటారో ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు. పెంకుల కప్పుకి వాసాలు ఎంత వాలుగా దింపాలో తక్కిన మేస్త్రులు టేపులు లాగి, కాగితాల మీద గీతలు గీసి చూసుకుంటారు. ఇతను టేపు ముట్టడు. మోచేతి నుంచి నడివేలి కొన దాకా మూర. బొటనవేలి నుంచి చిటికెనవేలి దాకా చాపితే జాన. అడ్డంగా మూర నడిస్తే నిలువుగా జాన లేవాలి, ఆరు మూరలు నడిస్తే ఆరు జానలు. లెక్కంతా అదే. అంతకు తగ్గితే ఎదురుగాలి వాన పెంకుల కిందికి దూరుతుంది, మరీ పెరిగితే పెంకులే జారిపోతాయి. వాళ్ళ నాన్న అలాగే కప్పులు వేశాడు, కొడుక్కీ అలాగే నేర్పాడు. కొడుకు పద్దెనిమిదేళ్ళప్పుడు ఎక్కడిదో టేపు తెచ్చి తన జాన ఎన్ని అంగుళాలో చూసుకోబోతే, ఆయన దాన్ని లాక్కుని పొయ్యిలో పెట్టేశాడు. "కొలిచే చేతినే కొలుస్తావురా? అంత అనుమానం ఉన్నవాడివి ఇంకో పని చూసుకో," అన్నాడు. కొడుకు ఇంకో పని చూసుకోలేదు. చేతిని మళ్ళీ కొలుచుకోనూ లేదు.

అక్క కొత్త ఇంటికి కప్పు వేసింది ఇతనే. వేయించుకోవడం బావకి ససేమిరా ఇష్టం లేదు. బావ ఆస్పత్రిలో కాంపౌండరు, మందు చుక్కలు లెక్కపెట్టి పోసే మనిషి. వాసాలు ఎత్తిన రోజు వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, "ఈ చేతి లెక్కలు మా మందుల గదిలో వేస్తే మనుషులు చస్తారు," అన్నాడు. "ఇప్పుడు మీ చేతిలో బతుకుతున్నారేమిటి బావా," అన్నాడు మేస్త్రి, దూలం మీద నుంచి దిగకుండానే. కింద కూలీలు కూడా నవ్వారు. ఎనిమిది నెలలయింది. ఆ తర్వాత వాళ్ళిద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేలా ఉంది.

మేస్త్రి వెళ్ళేసరికి అక్క ముందు గదిలో నేల తుడుస్తోంది. తల ఎత్తలేదు.

"చెప్పులు విప్పక్కర్లేదులే. ఎలాగూ అంతా బురదే."

గది నిండా పుస్తకాలు. బల్ల మీద, కిటికీ గట్టు మీద, కట్టిన తాళ్ళ మీద, ఎక్కడ చూసినా తడిసి ఉబ్బిన స్కూలు రికార్డు పుస్తకాలే. కొన్నిటికి కుట్లు ఊడి కాగితాలు వేలాడుతున్నాయి. ముట్టుకుంటే ముద్దలా ఊడొచ్చాయి.

"మూడు వందల పుస్తకాలు," అంది అక్క. "మొన్నటి గాలివానకి ఒక్క పూటలో పోయాయి. ఎల్లుండి ఇవ్వాలి. నా చేత్తో కుట్టాను ఒక్కొక్కటీ."

"పెంకేదైనా పగిలిందేమో చూస్తాను."

"పగల్లేదు. నేనే ఎక్కి చూశాను. ఒక్కటీ పగల్లేదు, ఒక్కటీ కదల్లేదు."

"పిల్లులు తిరిగితే..."

"పిల్లులూ లేవు, కోతులూ లేవు. నీ కప్పే కారుతోంది. ఆ మాట ఒప్పుకోడానికి నోరు పెగలదా నీకు?"

లోపలి గదిలోంచి బావ వచ్చాడు. చేతిలో కొత్త టేపు, కొట్టువాడు అంటించిన చీటీ ఇంకా దాని మీదే ఉంది. ఈ రోజు కోసమే కొన్నాడని మేస్త్రికి చూడగానే అర్థమైంది, ఒళ్ళు మండింది.

"మేస్త్రిగారు ఇక్కడ నిలబడ్డారేం? ఆ మూల కూర్చోబెట్టకపోయావా, పైనుంచి చల్లగా పడుతుంది," అన్నాడు పెళ్ళాంతో.

"కిటికీలు బార్లా తెరుచుకుని పడుకుంటే జల్లు కొట్టదా బావా? దానికి నా కప్పేం చేస్తుంది?"

"కిటికీలు మూసే ఉన్నాయి. వాలు తక్కువైంది."

మేస్త్రి ముఖం మాడిపోయింది. కర్రలో పుచ్చుందనండి, పెంకు పచ్చిగా కాల్చారనండి, మేకు తుప్పు పట్టిందనండి, వింటాడు. వాలు తక్కువైందని ఆ తండ్రీకొడుకుల పనిని ఇంతవరకూ ఎవరూ అనలేదు. ఇల్లు కట్టుకునేవాళ్ళు వేరే ఊళ్ళ నుంచి వచ్చి ఇతని కోసం నెలల తరబడి కాచుకునేది ఆ ఒక్కదానికే. ఆ మాట వీధిలోకి వెళ్ళిందంటే ఇక అతన్ని పిలిచేవాడుండడు.

"పైకి పదండి," అన్నాడు. "వాలు తప్పని తేలితే నేనిక జన్మలో నిచ్చెన ముట్టను. తేలకపోతే మాత్రం మీరు వీధి నడుమ నిలబడి, జాన మేస్త్రి కప్పు కారదు, నా నోరే కారుతుంది అని పదిమందికీ వినబడేలా చెప్పాలి."

"చెప్తాను," అన్నాడు బావ. "గొంతు బాగానే ఉంది నాకు."

ముగ్గురూ అటక దగ్గరికి వెళ్ళారు. బావామరుదులు పైకెక్కారు. అక్క నిచ్చెన మీద సగం దాకా వచ్చి, అటక రంధ్రంలోంచి తల పైకి పెట్టి నిలబడింది. పైన నిలబడే ఎత్తు లేదు. అద్దం పెంకులోంచి పడే వెలుతురులో ఇద్దరూ మోకాళ్ళ మీద కూర్చున్నారు, ఒకరి ఊపిరి ఒకరికి తగిలేంత దగ్గరగా.

"అడ్డం రెండు పాళ్ళయితే ఎత్తు ఒక పాలు, అంతేగా మీ లెక్క? అంటే అడుగుకి ఆరంగుళాలు," అన్నాడు బావ. మేస్త్రి తలూపాడు. బావ టేపు తీసి వాసం పొడుగునా పరిచాడు. అడుగు దగ్గర గీత పెట్టాడు. ఆ గీత మొదటి చోటు కంటే ఎంత ఎత్తులో ఉందో కింద ఓ కర్రముక్క ఆనించి కొలిచాడు. "నాలుగున్నర. కొంచెం పైన," అన్నాడు, గొంతులో ఆనందం దాచుకోకుండా. "ఆరెక్కడ, నాలుగున్నరెక్కడ. చూశావా నీ తమ్ముడి పనితనం?"

మేస్త్రి పకపకా నవ్వాడు. ఇలాంటి నవ్వు నవ్వి చాలా కాలమయింది.

"బావా, మీరు మందులు కూడా ఇలాగే కొలుస్తారా?"

"ఏం?"

"వాసం మీద టేపు పరిచారు. అది అడ్డం కాదు, ఏటవాలు. గుట్ట ఎక్కేవాడు ఎంత దూరం నడిచాడో కొలిచారు మీరు. అడ్డంగా ఎంత దూరానికి ఎంత పైకి లేచిందో చూడాలి. వాసం మీద పరిచి కొలిస్తే ఎవడి కప్పయినా తక్కువే చూపిస్తుంది. అక్కా, విన్నావా? ఈ లెక్కతో నా మీదికి వచ్చాడు మీ ఆయన."

బావ చెవులు ఎర్రబడ్డాయి. మేస్త్రి సంచిలోంచి రసమట్టం తీశాడు. ఇక ఊరుకుంటాడా, బడిపిల్లాడికి చెప్పినట్టు ఒక్కొక్క ముక్కా విడదీసి చెప్పాడు. రసమట్టం ఒక కొన వాసం కింది వైపుకి ఆనించాలి. రెండో కొన గాలిలో ఉండాలి. అద్దంలో బుడగ నడిమధ్యకి వచ్చేదాకా సర్దాలి, అప్పుడే అది అడ్డం. ఆ అడ్డం మీద అడుగు దూరంలో గుర్తు పెట్టి, అక్కణ్ణుంచి నిట్టనిలువుగా వాసం దాకా ఎంతుందో చూడాలి. "అదీ వాలంటే. ఇప్పుడు పట్టుకోండి. వంకర పోనివ్వకండి, బుడగ చూడండి. బుడగ తెలుసుగా?"

బావ పళ్ళు కొరుకుతూ పట్టుకున్నాడు. ముందు మేస్త్రి తన చెయ్యే పెట్టి చూపించాడు. రసమట్టం వెంట మూర ఆనించి, ఆ చోట నిలువుగా జాన చాపాడు. గుడ్డ చుట్టిన చిటికెనవేలు వాసానికి సరిగ్గా ఆనింది. వెంట్రుకవాసి అటూ ఇటూ లేదు.

"చూశారా," అన్నాడు. "మూరకి జాన. ఇక మీ టేపు పెట్టుకోండి, నాకేం."

బావ టేపు పెట్టాడు. రెండుసార్లు చూశాడు.

"ఐదు," అన్నాడు.

"సరిగ్గా చూడండి."

"ఐదే. నువ్వే చూడు, బుడగ మధ్యలోనే ఉంది."

మేస్త్రి వంగి చూశాడు. టేపు కొత్తది, కొట్టువాడు ఏ నాసిరకానిదో అంటగట్టి ఉంటాడన్నాడు. అక్క దిగి వెళ్ళి బైండింగు బల్ల మీది ఉక్కు స్కేలు తెచ్చి పైకి అందించింది. ఆ స్కేలుతో ఆమె ఇరవై ఏళ్ళుగా కాగితం కోస్తోంది. అదీ ఐదే అంది. మేస్త్రి రసమట్టం లాక్కుని మోకాళ్ళ మీద పాకుతూ రెండో వాసానికి పెట్టాడు, ఐదు. నాలుగో వాసానికి పెట్టాడు, ఐదు. అవతలి వైపు పెట్టాడు. ఒక్క వాసం కూడా మరో వాసంతో విభేదించలేదు. అంత శుభ్రంగా, అంత నేర్పుగా ప్రతిచోటా ఒక్క అంగుళమే తగ్గింది.

ఈ పాఠం తనే నేర్పాడు. తప్పు కొలిచిన మనిషిని చూసి నవ్వి, సరిగ్గా కొలవడం నేర్పి, తన మెడ తనే అప్పగించాడు. మేస్త్రికి తల కొట్టేసినట్టయింది.

"ఇప్పుడు తెలిసింది," అన్నాడు బావ నెమ్మదిగా. తొందరేముంది, ఎనిమిది నెలలు కాచుకున్న మనిషి. "వాలు తగ్గితే వాసం పొట్టిదవుతుంది. ఒక్కో వాసానికి నాలుగు వేళ్ళ కర్ర మిగులుతుంది. పైన గోడా తగ్గుతుంది. అడితి నుంచి కర్ర కొలిపించుకుని తెచ్చింది నువ్వే. చెయ్యి తప్పితే ఒక వాసానికి తప్పుతుంది. అన్నిటికీ ఒకేలా తప్పిందంటే అది చెయ్యి కాదు, బుద్ధి. సొంత అక్క ఇంట్లోనే చేశావు."

మేస్త్రి తన కుడిచేతి వంక చూసుకుంటున్నాడు.

ఏడాదిన్నర కిందట కలప అడితిలో రంపపు మిషను ఆ చిటికెనవేలిని తినేసింది. కొన కాదు, పై రెండు కణుపులూ పోయాయి. అందరికీ మాత్రం కొంచెం గీసుకుందని చెప్పాడు. ఎనిమిదో రోజుకి మళ్ళీ కప్పెక్కాడు. మొండివేలికి లోపల దూది పెట్టి, గుడ్డ చుట్టి, మేకో చీలో తగిలి మళ్ళీ మళ్ళీ రేగుతోందని అందరినీ నమ్మించాడు. చెయ్యి అదే చెయ్యి, జాన అదే జాన అని తనూ నమ్మాడు. నమ్మకపోతే ఏం చేస్తాడు, ఇంకో పని చూసుకోవాలి. మెత్తటి దూది అణిగిపోయి మొండికణుపు కర్రకి తగిలిన ప్రతిసారీ ఇదే జాన అనుకున్నాడు. ఇవాళ కూడా ఆ చేత్తోనే కొలిచి, సరిపోయిందని విర్రవీగాడు. సరిపోక ఏం చేస్తుంది? ఆ కప్పు పుట్టిందే ఆ చెయ్యి నుంచి.

నోరు విప్పి వేలు పోయిందని చెబితే దొంగ అన్న మాట పోతుంది. కానీ ఆ తర్వాత జాన మేస్త్రి అన్నవాడు కూడా మిగలడు. దొంగకైనా పనితనం ఉందంటారు, చెయ్యి లేనివాణ్ణి చూసి అయ్యో పాపం అంటారు. బావ నోట అయ్యో పాపం అనిపించుకోవడం కంటే చావు నయమనిపించింది.

"అవును," అన్నాడు. "కావాలనే తగ్గించాను. ఏం చేస్తారో చేసుకోండి."

ఇంత తేలిగ్గా దొరుకుతాడని బావ కూడా అనుకోలేదు. తర్వాత పెళ్ళాం వైపు తిరిగి, "విన్నావుగా, నీ చెవులతో విన్నావుగా," అన్నాడు.

అక్క నిచ్చెన మీది నుంచి అటక మీదికి ఎక్కింది. పాక్కుంటూ వచ్చి తమ్ముడి ఎదురుగా కూర్చుంది.

"చెయ్యి ఇలా ఇవ్వు."

"ఎందుకు?"

"ఇవ్వమంటే ఇవ్వరా."

అతను వెనక్కి లాక్కోబోయాడు. ఆమె వేళ్ళు రోజుకి వంద పుస్తకాల నడ్డి బిగించే వేళ్ళు, వదల్లేదు. గుడ్డ కొస పట్టుకుని లాగింది. దూది ఊడి ఒళ్ళో పడింది. కింద నున్నగా, ఎప్పుడో మానిపోయిన మొండివేలు కనబడింది. ఆమె ఆ చేతిని తన మోకాలి మీద బలవంతంగా చాపి, పక్కన ఉక్కు స్కేలు పెట్టింది.

"ఏడున్నర," అంది మొగుడితో. "తొమ్మిది ఉండాలి. ఇదీ మీరు వెతికే దొంగ."

బావ చూశాడు. మేస్త్రి కళ్ళెత్తలేదు. అక్క ప్రేమతో ఈ పని చెయ్యలేదని అతనికి తెలుసు. కోపంతోనే చేసింది.

"నన్ను దోచుకున్నానని నా మొహం మీదే చెప్పావు. ఈ వేలు పోయిందని చెప్పడం కంటే అది తేలికైందా నీకు? నేను జీవితాంతం నా తమ్ముడు దొంగ అనుకుంటూ బతకాలా, నీ గొప్ప కోసం?"

"ఊరుకో అక్కా."

"ఊరుకోను. నా పుస్తకాలు పోతే పోయాయి, మళ్ళీ కుడతాను. నిన్ను మాత్రం క్షమించను. ఇది తెగాక ఎన్ని కప్పులేశావు?"

అతను ఒళ్ళోని దూది తీసి పక్కన పెట్టాడు.

"ఎన్ని?"

"నీది కాక నాలుగు."

"వెళ్ళి చెప్పు వాళ్ళకి. ఇవాళే."

"చెబితే ఇక నన్ను పిలిచేదెవరు?"

"ఎవరూ పిలవరు." ఆమె గొంతులో జాలి అణుమాత్రం లేదు. "సాయంత్రం లోపల నువ్వు చెప్పకపోతే నేను వెళ్ళి చెప్తాను. నేను చెప్పే తీరు నీకు తెలుసుగా."

బావ టేపు చుట్టుకుంటూ, "నిచ్చెన ముట్టనన్నారు మేస్త్రిగారు. దిగడానికి మాత్రం ముట్టుకోవచ్చు," అన్నాడు. మేస్త్రి దిగాడు. గుడ్డ మళ్ళీ చుట్టుకోబోతే అక్క దాన్ని గుప్పిట్లో పెట్టుకుంది, ఇవ్వలేదు.

మొదటి ఇల్లు దర్జీది. వేసి ఏడాది దాటింది. రెండు వీధుల అవతల, నడిస్తే ఎంతో దూరం లేదు, అయినా మేస్త్రి చుట్టూ తిరిగి వెళ్ళాడు. దారిలో ఎవరో పలకరిస్తే చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. గుమ్మం ముందు నిలబడి, దర్జీ కళ్ళజోడు పైకెత్తి చూసేదాకా ఆగి, అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేశాడు. మీ కప్పు వాలు తక్కువైంది. అడుగుకి అంగుళం తగ్గింది. గాలివాన వస్తే కారుతుంది. తప్పు నాదే, ఇదిగో ఈ చెయ్యి.

దర్జీ మిషను ఆపాడు. మేస్త్రి తిట్లకి సిద్ధమయ్యాడు. తిడితే పడదామనే వచ్చాడు.

"కారుతోంది," అన్నాడు దర్జీ. "ఏడాదిగా కారుతోంది. ఆ మంచం జరుపుకున్నాం, ఆ మూల బక్కెట్టు పెట్టుకున్నాం."

"నాకు కబురు పెట్టలేదేం?"

"నీకెందుకు పెడతాను? నువ్వు వేసిన కప్పు కదా." దర్జీ సూది గుచ్చుకున్నట్టు ముఖం పెట్టాడు. "మా అన్న టీవీ యాంటెనా బిగించడానికి పైకెక్కాడు. ఆ తర్వాతే కారడం మొదలైంది. నీ పెంకులు కదిపేశాడని వాణ్ణి పట్టుకున్నాను. కదపలేదు మొర్రో అన్నాడు వాడు. జాన మేస్త్రి కప్పు దానంతట అది కారుతుందా అని చొక్కా పట్టుకున్నాను. చెయ్యి చేసుకున్నాను. పిల్లల ముందు, వదిన ముందు. తొమ్మిది నెలలయింది వాడు ఈ గుమ్మం తొక్కి."

మేస్త్రి గుమ్మంలోకి వచ్చాడు. "నేను పెంకులు దించి, వాసాలు మళ్ళీ..."

"మాట్లాడకు," అన్నాడు దర్జీ. గొంతు పెంచలేదు, అదే భయం వేసింది. "నీ నోటి నుంచి ఒక్క ముక్క కూడా వినబుద్ధి కావడం లేదు. వాడు ఒట్టేసి చెప్పాడు. నా తోడబుట్టినవాడు ఒట్టేసి చెప్తే నమ్మలేదు, నిన్ను నమ్మాను."

అతను కళ్ళజోడు తీసి మిషను మీద పెట్టాడు. భుజం మీది కొలత టేపు తీసి పక్కన పడేశాడు. చెప్పులు వేసుకుని, మేస్త్రిని ఒక పక్కకి నెట్టి, తలుపైనా వెయ్యకుండా అన్న ఇంటి వైపు నడిచాడు. సగం దూరం పోయాక నడక పరుగైంది.

మేస్త్రి ఆ గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఇంకా మూడిళ్ళున్నాయి. ఆ మూడిళ్ళలో తన పేరు చెప్పుకుని ఎవరు ఎవరి చొక్కా పట్టుకున్నారో వెళ్తే గానీ తెలియదు.